మూడు మఠాలు కలిసి న్యాయం, శాంతి, సృష్టి సంరక్షణ పని మొదలుపెట్టడం ఎలా?

"మా ఊళ్లో మూడు సభల (సన్యాసినుల సంఘాల) మఠాలున్నాయి. ఒక గేటు నుంచి ఇంకో గేటుకి నడిచి వెళ్లేంత దూరం. క్రిస్మస్‌కి పిండివంటలు పంపుకుంటాం, ఎవరైనా పోతే సమాధుల తోటకి అందరం వెళ్తాం. పని మాత్రం ఎవరిది వాళ్లదే. కలిసి ఏమైనా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి సిస్టర్?"

రిట్రీట్‌కి వెళ్లినా, సీఆర్ఐ (దేశంలోని సన్యాస సభల ఉమ్మడి వేదిక) సమావేశానికి వెళ్లినా, ఆఖరికి బస్టాండులో ఎదురుపడినా ఇదే ప్రశ్న. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇందులో చాలావరకు మేం తప్పు చేసి నేర్చుకున్నదే.

సభలు కలిసి పనిచేయడం మన నేలకి కొత్త కాదు. గుంటూరులో జేఎంజే (యేసు మరియ యోసేపు సభ) సిస్టరుగా ఉంటూ వైద్యం చేసిన డాక్టర్ మేరీ గ్లౌరీ 1943లో వేర్వేరు సభల ఆసుపత్రి సిస్టర్లను కూడగట్టారు. అప్పుడు పుట్టిన సంఘమే ఇవాళ సికింద్రాబాద్ కేంద్రంగా దేశమంతా పనిచేస్తున్న కేథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు, వాట్సాప్ గ్రూపుల్లేవు. ఉత్తరాలు రాసుకుని కలిశారు.

సిద్ధాంతం ఇక్కడ ఎక్కువ చెప్పను. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో ఇచ్చిన 'లౌదాతో సి' లేఖ 49వ పేరాలో భూమి మొరనీ పేదల మొరనీ ఒక్కచోట వినమన్నారు. బృందానికి ఆ ఒక్క పేరా చాలు. మిగతాది చదువుకుంటూ వెళ్లవచ్చు.

ముందుగా కావలసినవి

- కనీసం మూడు మఠాలు. ఒక్కో మఠం నుంచి ఇద్దరు. ఒక్కరే అయితే చాలదు, ఎందుకో చివర్లో చెబుతాను.
- సుపీరియర్ల (మఠం పెద్దల) ఒప్పుదల, పలు మఠాలకి పెద్దయిన ప్రొవిన్షియల్‌కి ఒక ఉత్తరం. నోటిమాట సరిపోదు.
- విచారణ గురువుకి (ఊరి చర్చి ఫాదర్‌కి), మేత్రాసన (బిషప్ గారి పరిధి) సామాజిక సేవా కేంద్రానికి ముందే కబురు. ఇంకొకరు చెబితే తెలిసే పరిస్థితి రానివ్వకండి.
- ఊళ్లోవాళ్లు ఇద్దరు. వాళ్లలో ఒకరు కచ్చితంగా కాలనీలో ఉండే స్త్రీ అయి ఉండాలి.
- ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక స్ప్రింగ్ తూకం, ఒక బకెట్, ఒక కొలత టేపు.
- నెలకి ఒక పూట, ఏడాది పాటు. తేదీలు ముందే మఠం క్యాలెండర్లో రాసేయండి.

డబ్బు ఈ జాబితాలో రాయలేదు. మొదటి ఆరు నెలలకి దాని అవసరం రాదు.

1. మొదటి సమావేశం ఒకే ప్రశ్నతో పెట్టండి

గంటన్నర చాలు. ప్రార్థన చిన్నదిగా ఉంచండి. ప్రశ్న ఇది: "ఈ మూడు నెలల్లో మా గేటు దగ్గరికి ఎవరొచ్చారు, ఏమడిగారు?" ఒక్కో మఠం పదిహేను నిమిషాలు చెప్పాలి.

ఇక్కడే మొదటి ప్రమాదం ఉంది. ఎవరో ఒకరు తమ సభ చేస్తున్న సేవల చిట్టా విప్పుతారు. ఆ వెంటనే ఇంకొకరు తమది. గంట అయ్యేసరికి అది వార్షిక నివేదికల పోటీ అవుతుంది, ఇంటికెళ్లేటప్పుడు అందరి మనసులోనూ కొంచెం చేదు. అధ్యక్షత వహించేవాళ్లు మర్యాదగా అడ్డుపడి "గేటు దగ్గరికొచ్చిన మనిషి సంగతి చెప్పండి సిస్టర్" అని గుర్తుచేయాలి. అధ్యక్షత నెలకొకరు మార్చుకోండి. మొదటి నెల అందరికంటే చిన్న మఠానికి ఇవ్వండి.

2. గోడ బయటి నుంచి నడవండి

నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. దీన్ని దాటేసి మొదలైన బృందాల్లో రెండో ఏడు నిలబడినవి నేనైతే చూడలేదు.

మా మొదటి నడక జూన్ చివర్లో. ఐదుగురు సిస్టర్లం, ఒక బ్రదర్. మా హాస్టలు వెనక గోడని మేమెప్పుడూ లోపలి వైపు నుంచే చూశాం. సున్నం కొట్టి, బోగన్‌విల్లా పాకించి ఉంటుంది. బయటికెళ్లి చూస్తే గోడ అడుగున సిమెంటు తూము. బియ్యం కడిగిన నీళ్లు, సాంబారు జిడ్డు, సబ్బు నురగ కలిసి అందులోంచి కాలనీ వీధిలోకి పారుతున్నాయి. ఒకామె ఆ నీళ్లు ఇంట్లోకి రాకుండా గుమ్మం ముందు పాత టైరు ముక్కలు పేర్చి, మట్టి మెత్తి కట్ట కట్టుకుంది.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?" అని అడిగాను.

"మీ హాస్టలు కట్టినకాడ్నుంచీ, సిస్టరమ్మా. సెలవులిచ్చినప్పుడు ఎండుద్ది" అంది. కోపంగా కూడా అనలేదు. ఆదివారం పూజలో మా వెనక వరసలో చాప మీద కూర్చునే మనిషి ఆమె.

అప్పటిదాకా పర్యావరణం అంటే మా పుస్తకంలో మొక్కలు నాటడం అని రాసుకుని ఉంది. ఆ పేజీ పక్కన పెట్టి, ఇంకుడు గుంటతో మొదలుపెట్టాం.

నడక ఇలా చేయండి:

- పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది లోపు. వంటగది నీళ్లు, చెత్త బయటికొచ్చే వేళ అది.
- ప్రతి మఠం చుట్టూ తిరగాలి. ఒక మఠం గోడని ఇంకో మఠం వాళ్లు చూడాలి. మన గోడలో మనకి కనపడనిది పొరుగు సభ సిస్టరుకి కనపడుతుంది.
- నీటి వెంట నడవండి, ఎక్కడ ఆగుతుందో అక్కడిదాకా. చెత్త రిక్షా వెంట కూడా అలాగే వెళ్లండి. కుప్ప పోసి తగలబెడుతుంటే ఆ పొగ ఎవరి ఇళ్లమీదికి పోతుందో రాసుకోండి.
- ఫోటోలు తీయొద్దు. సెల్‌ఫోను తీయగానే మాటలు ఆగిపోతాయి.
- ఎదురైన వాళ్లను మూడే అడగండి: నీళ్లు ఎక్కడివి? ఏ నెల కష్టం? మా వల్ల మీకు ఇబ్బందేమైనా ఉందా? జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

మూడో ప్రశ్నకి మొదటిసారి "ఏం లేదమ్మా" అంటారు. మనం అడిగాం కాబట్టి మర్యాదకి అంటారు. పది రోజులాగి, బృందంలోని కాలనీ స్త్రీని ముందుంచుకుని మళ్లీ వెళ్లండి.

3. ముందు మీ ఇల్లు సరిచేసుకోండి

పక్కవాళ్లకి చెప్పే ముందు చేయాల్సినవి మూడున్నాయి: నీళ్లు, చెత్త, జీతాలు.

నీళ్లు: కారే కుళాయి కింద గంటసేపు మగ్గు పెట్టి కొలవండి. గంటకి లీటరు కారితే రోజుకి 24 లీటర్లు, ఏడాదికి 8,760. ఆ తర్వాతే వాన నీటి సంగతి. చాలామంది వాన నీళ్ల ట్యాంకు కడితే కరువు తీరిపోతుందనుకుంటారు. లెక్క వేసి చూడండి. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. 300 చదరపు మీటర్ల డాబా మీద పడిందాంట్లో 80 శాతం పట్టగలిగితే 1,32,000 లీటర్లు. వందమంది పిల్లలున్న హాస్టలు మనిషికి 100 లీటర్ల చొప్పున వాడితే అది 13 రోజుల నీళ్లు. పట్టుకోవలసిందే, బోరు చుట్టూ ఇంకించవలసిందే. కానీ వాడకం తగ్గించకుండా ఎంత పట్టినా సరిపోదు.

వంటగది నీళ్లకి: ముందు జిడ్డు ఆపే చిన్న తొట్టి, దాని తర్వాత అరటి, చేమ, మెట్టతామర వేసిన పాదు, మిగిలింది ఇంకుడు గుంటలోకి. మరుగుదొడ్డి నీళ్లు ఇందులో కలవకూడదు. నల్లరేగడి నేలయితే ఇంకుడు గుంట త్వరగా ఇంకదు. గుంట తవ్వి నీళ్లతో నింపి, మర్నాటికి ఎంత దిగిందో చూసి ఆ తర్వాతే రాళ్లు నింపండి. నీళ్లు అలాగే నిలబడి ఉంటే గుంట వదిలేసి పాదులు పెంచండి.

చెత్త: ఏడు రోజులు తూకం వేయండి. పళ్లాల్లో మిగిలిన అన్నం వేరుగా, కూరగాయల తొక్కు వేరుగా, ప్లాస్టిక్ వేరుగా. మిగిలిన అన్నం బరువు చూశాక వంట కొలతలు వాటంతటవే మారతాయి, ఉపన్యాసం అక్కర్లేదు.

జీతాలు: ఈ మాట ఎత్తితే గదిలో నిశ్శబ్దం వస్తుంది. అయినా ఎత్తాలి. మన ఆయమ్మకి, వాచ్‌మన్‌కి, వంటావిడకి ఎంతిస్తున్నాం? ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం అందుతోందా? సాధారణంగా పదిమంది, ఆపైన పనివాళ్లుంటే ఈఎస్ఐ, ఇరవైమంది, ఆపైన ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. నెలకి 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లు ఈఎస్ఐ కిందికొస్తారు. మీ సంస్థకి ఏది వర్తిస్తుందో ఆడిటర్‌ని అడగండి. "వాళ్లు మా ఇంటి మనుషుల్లాంటివాళ్లు" అనే మాట జీతానికి బదులు కాదు. గోడ లోపల ఇది సరిచేసుకోని మఠం గోడ బయట న్యాయం గురించి మాట్లాడితే, ఊళ్లో అందరికంటే ముందు ఆ ఆయమ్మకే తెలిసిపోతుంది.

4. ఒక్కటే సమస్య ఎంచుకోండి

నడకలో పది సమస్యలు దొరుకుతాయి. ఒక్కోదాన్నీ మూడు ప్రశ్నలతో జల్లెడ పట్టండి. ఇది వాళ్లు చెప్పిందా, మనం అనుకున్నదా? ఏడాదిలో కొంతైనా కదులుతుందా? మూడు మఠాలకీ ఇందులో పని ఉందా? మూడింటికీ అవునని జవాబొచ్చింది తీసుకోండి. వేసవిలో కాలనీ మంచినీళ్లు, చెత్త తగలబెట్టడం, వలస వెళ్లే ఇళ్ల పిల్లలు బడి మానేయడం, ఆగిపోయిన పింఛన్లు ఇలాంటివి మొదటి ఏడాదికి సరిపోతాయి.

క్వారీలు, ఇసుక, భూమి తగాదాలు మొదటి ఏడాది నెత్తికెత్తుకోకండి. తప్పించుకోమని కాదు. వాటిలో దెబ్బ తినేది మనకంటే ముందు ఆ ఊరివాళ్లు. ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వాళ్లను తీసుకెళ్లండి. స్త్రీలకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలు దొరుకుతారు. ఫోను నంబరు 15100.

హెచ్చరిక: పిల్లలపై లైంగిక హింస జరిగిందని తెలిస్తే అది బృందం సమావేశంలో చర్చించే విషయం కాదు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. 1098కి ఫోన్ చేయండి. మీరు సొంతంగా విచారణ పెట్టకండి, పిల్లని పదిసార్లు అడగకండి. ఆరోపణ మన సంస్థలోని మనిషి మీదైనా ఇదే పద్ధతి.

5. ఎవరికి చేతనైంది వాళ్లకివ్వండి

ప్రతి సభకీ దాని సంస్థాపకుల నుంచి వచ్చిన వరం ఒకటుంటుంది. దాన్ని పక్కన పెట్టమనకండి, పనిలోకి తెండి. ఆసుపత్రి నడిపే సిస్టర్లు నీళ్ల వల్ల వచ్చే జబ్బుల లెక్క తీయగలరు. బడి ఉన్నవాళ్లు పిల్లలతో వీధి పటం గీయించగలరు. ఊళ్లు తిరిగే సిస్టర్లకి ఏ ఇంట్లో ఎవరున్నారో తెలుసు. గురువులు, బ్రదర్లు ఉంటే ఆఫీసుల చుట్టూ తిరిగే పనిలో వాళ్లనీ కలుపుకోండి. అయితే మాట్లాడే పని మొత్తం ఫాదర్ చేతికి పోకుండా చూడండి. అధికారి ముందు సమస్య చెప్పాల్సింది ఆ వీధి మనిషే.

మనుషుల అక్రమ రవాణా లాంటి పెద్ద సమస్య తగిలితే ఒంటరిగా తలపడొద్దు. దీనికోసమే సభలు కలిసి కట్టుకున్న వేదికలున్నాయి: అంతర్జాతీయంగా 2009లో మొదలైన తలిథా కుమ్, మన దేశంలో అమ్రత్. మీ ప్రొవిన్షియల్‌ ద్వారా వాళ్లను అందుకోవచ్చు.

6. డబ్బు కలపకండి

మంచి మనసుతో పెద్ద చిక్కులో పడేది ఇక్కడే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద వచ్చిన విరాళాన్ని ఒక సంస్థ ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. 2020 సవరణ తర్వాత, అవతలివాళ్లకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే కుదరదు. కాబట్టి "మా సభకి జర్మనీ నుంచి వచ్చింది కదా, ఉమ్మడి ఖాతాలో వేద్దాం" అనే మాట మొదట్లోనే ఆపేయండి. ఇద్దరు సిస్టర్ల సొంత పేర్లమీద జాయింట్ ఖాతా తెరవడం కూడా వద్దు.

బదులుగా ఇలా చేయండి. పనిని ముక్కలు చేసి, ఎవరి ముక్క ఖర్చు వాళ్ల పుస్తకంలోనే రాసుకోండి. గుంట తవ్విన కూలి ఒక మఠం, పైపులు ఇంకో మఠం, భోజనాలు మూడోది. బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్లే కట్టాలి. ఖర్చు పెట్టే ముందు ఒక్కసారి ఆడిటర్‌కి ఫోన్ చేయండి.

7. ఆఫీసులకి వెళ్లడం

అర్జీ మఠం లెటర్‌హెడ్ మీద రాయకండి. వీధివాళ్ల పేర్లతో, వాళ్ల సంతకాలతో, వాళ్ల వేలిముద్రలతో వెళ్లాలి. మీరు వెనక వరసలో ఉండండి. ముందు పంచాయతీ కార్యదర్శి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్: తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రసీదు నంబరు తీసుకోకుండా కౌంటరు వదలొద్దు.

పని మంజూరైందో లేదో తేలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఈ హక్కు పౌరులది. సంస్థ పేరుతో పెడితే తిప్పి పంపే అవకాశం ఉంది, అందుకే ఒక మనిషి పేరుతో, ఇంటి చిరునామాతో పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. చాలామంది ఈ రెండో గడువు మరిచిపోతారు. దరఖాస్తు పెట్టిన రోజే రెండు తేదీలూ నోట్‌బుక్ అట్ట మీద రాసిపెట్టండి.

ఇంకొక మాట. నీళ్ల ట్యాంకరు దగ్గర, మందుల శిబిరంలో స్వరూపాలు, జపమాలలు పంచకండి. మన విశ్వాసాన్ని దాచుకోమని కాదు. అవసరంలో ఉన్న మనిషికి, ఇది తీసుకుంటే ఇంకేదో ఒప్పుకోవాలేమో అన్న అనుమానం కలగనివ్వకూడదు. గుడి పెద్దనీ, మసీదు పెద్దనీ మొదటి నెలలోనే వెళ్లి కలవండి. శాంతి పని అల్లరి జరిగిన రోజున మొదలుపెడితే ఆలస్యమైనట్టే. అప్పటికి ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర ఉండి తీరాలి.

8. క్యాలెండరు మన వానల్ని బట్టి వేసుకోండి

ఒక ఏడాది జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినం అని, మూడు మఠాలూ కలిసి 300 మొక్కలు నాటాం. అది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో లేత మొక్క ఏం బతుకుతుంది? శివరాత్రికి లెక్కపెడితే 41 మిగిలాయి.

సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4, అసిస్సీ ఫ్రాన్సిస్ గారి పండుగ దాకా క్రైస్తవ సంఘాలు సృష్టి కోసం ప్రార్థించే 'సృష్టి కాలం'. మన దగ్గర అది పుబ్బ, ఉత్తర, హస్త కార్తెలు. నేల తడిగా ఉంటుంది, ప్రార్థనా నాటడమూ ఒకేసారి కుదురుతాయి. నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరులోనే మొదలు, అక్కడివాళ్లు సృష్టి కాలం చివరి వారందాకా ఆగండి. వినాయక చవితి తేదీ చూసుకుని ఊరి సమావేశం పెట్టుకోండి. వేప, కానుగ లాంటివి వేయండి, కోనోకార్పస్ జోలికి పోవద్దు. ఒక్కో మొక్కకీ ఒక ఇంటి పేరు రాయండి. నీళ్లు పోసే మనిషి దొరకని మొక్క నాటకండి.

ఆరు నెలలు నిలబడ్డాక 'లౌదాతో సి' కార్యాచరణ వేదికలో నమోదు చేసుకోవచ్చు. 2021లో మొదలైంది, ఏడు లక్ష్యాలు, సన్యాస సభలకి వేరే విభాగం ఉంది. మొదటి నెలలోనే అందులో దిగితే ఫారాలు నింపడంతోనే కాలం సరిపోతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

బ్యానరు. "ఎవరి లోగో ముందు?" అన్న దగ్గర ఆగిపోయిన మంచి పనులు చాలా చూశాను. లోగోలు లేకుండా ఊరి పేరు, వీధి పేరు రాయండి.

ర్యాలీతో మొదలుపెట్టడం. బడిపిల్లల్ని ఎండలో నడిపించి, ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లిచ్చి, పర్యావరణ నినాదాలు చెప్పించడం. పిల్లలు గమనిస్తారు.

పెద్ద సిస్టర్లను వదిలేయడం. ఎనభై దాటిన సిస్టరు నడకకి రాలేకపోవచ్చు. కానీ ముప్పై ఏళ్ల క్రితం ఆ కాలవ ఎటు పారేదో చెప్పగలిగేది ఆమే.

ఫలితం చూసుకోవడం

"చేశాం" అన్నది వేరు, "మారింది" అన్నది వేరు. సమావేశాలు ఎన్ని, హాజరు ఎంత అన్నవి నివేదికకి పనికొస్తాయి. మీకు కావలసింది కొలత. ఏ బకెట్‌తో, ఏ నెలలో మొదట కొలిచారో, ఏడాది తర్వాత అదే బకెట్‌తో అదే నెలలో కొలవండి. మొక్కలు నాటిన రోజున లెక్కపెట్టడం కాదు, రెండో వేసవి దాటాక లెక్కపెట్టండి. అర్జీలకి వచ్చిన జవాబులు కాక, కుళాయిలో నీళ్లు వచ్చిన రోజులు రాసుకోండి. జీతాల పుస్తకం మళ్లీ తెరవండి.

తర్వాత అదే వీధికి అదే వేళకి వెళ్లి ఆ మూడు ప్రశ్నలే అడగండి. ఈసారి అడిగేది వేరే మఠం సిస్టరు అయి ఉండాలి. మా వెనక వీధిలో మేం వెళ్లేసరికి ఆ టైరు ముక్కలు ఇంకా గుమ్మం ముందే ఉన్నాయి. నీళ్లు రావడం లేదు కదమ్మా, ఎందుకుంచావ్ అని అడిగితే, "వానాకాలం ఒకటి పోనియ్యమ్మా, చూద్దాం" అంది. మేం ఆ ఏడు నివేదికలో 'పూర్తయింది' అని రాయలేదు. ఆగస్టులో తూము దగ్గర గుంట నిజంగానే ఒకసారి పొంగింది. రెండో గుంట తవ్వాం.

బదిలీలు

ఒక్కో మఠం నుంచి ఇద్దరుండాలని మొదట్లో అన్నది ఇందుకే. మే నెలలో ఉత్తర్వులొస్తాయి, జూన్‌కల్లా మనిషి వేరే జిల్లాలో ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి కదలకుండా చూడమని ప్రొవిన్షియల్‌కి ఫిబ్రవరిలోనే ఉత్తరం రాయండి. వెళ్లేవాళ్లు నోట్‌బుక్‌తో పాటు ఇవి అప్పగించాలి: పెండింగులో ఉన్న అర్జీల నంబర్లు, సమాచార హక్కు గడువు తేదీలు, ఆడిటర్ ఫోను నంబరు, వీధిలో ముందుగా పలకరించాల్సిన మూడు ఇళ్ల గుర్తులు. కొత్త సిస్టరుని ఆ ఇళ్లకి స్వయంగా తీసుకెళ్లి పరిచయం చేశాకే పెట్టె సర్దుకోండి.